బ్రేకు లైటు వెలగనప్పుడు బల్బు కొనే ముందు చూడవలసినవి

కారులో ఏ భాగం చెడినా నడిపేవారికి ఏదో ఒక విధంగా తెలుస్తూనే ఉంటుంది. ఇంజను శబ్దం మారుతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది, హెడ్‌లైటు ఆరిపోతే రోడ్డు కనిపించదు. బ్రేకు లైటు మాత్రం వెనుక వచ్చేవారి కోసం వెలుగుతుంది కనుక, అది ఆరిపోయిన సంగతి కూడా వారికే ముందుగా తెలుస్తుంది. అందుకని నేను అప్పుడప్పుడు చీకటి పడిన తరువాత కారును వెనుకగా ఒక గోడకు దగ్గరగా నిలిపి, పెడల్ తొక్కి, గోడ మీద పడే ఎర్రటి వెలుగును అద్దాల్లో చూసుకుంటాను. గోడ అందుబాటులో లేనప్పుడు సీటుకూ పెడల్‌కూ మధ్య ఒక కర్రను బిగించి, వెనక్కి వెళ్ళి నేరుగా చూడవచ్చు.

ఒక లైటు వెలగడం లేదని తెలియగానే చాలామంది మొదట బల్బు కొంటారు. నా అభిప్రాయంలో మొదట చేయవలసింది ఏ లైట్లు వెలగడం లేదో, వెలిగేవి ఏ తీరున వెలుగుతున్నాయో నిదానంగా గమనించడం. లోపం ఎక్కడ ఉందో అక్కడే సగానికి పైగా తేలిపోతుంది. ఒక పక్కది మాత్రమే ఆరిపోయి, రెండవ పక్కదీ వెనుక అద్దం దగ్గర పైన ఉండే మూడవ లైటూ వెలుగుతుంటే, లోపం ఆ పక్క బల్బులోనో, హోల్డరులోనో, దానికి వెళ్ళే వైర్లలోనో ఉంటుంది. మూడూ ఒకేసారి ఆరిపోతే బల్బుల జోలికి వెళ్ళనవసరం లేదు. ఫ్యూజునూ పెడల్ దగ్గరి స్విచ్చినీ చూడాలి. పైది వెలుగుతూ కింది రెండూ ఆరిపోతే పెద్ద లోపమేదో వచ్చిందని కంగారు పడతారు గాని, తరచుగా జరిగేది మరొకటి: రెండు బల్బులూ ఒకే కాలం నుండి ఒకే విధంగా వెలుగుతున్నాయి కనుక వాటి ఆయుష్షు కూడా ఇంచుమించు ఒకేసారి తీరుతుంది. మొదటిది పోయినప్పుడు ఎవరూ గమనించరు, రెండవదీ పోయాకే సంగతి బయటపడుతుంది.

బల్బు తీయడం కష్టమైన పని కాదు. తాళం చెవి బయటకు తీసి, లైట్లన్నీ ఆపి, ఇంతకు ముందే వెలిగి ఉంటే బల్బు చల్లబడే దాకా ఆగాలి. కొన్ని కార్లలో డిక్కీ లోపలి అట్టను తొలగిస్తే హోల్డరు చేతికి అందుతుంది. మరికొన్నింటిలో మొత్తం లైటునే రెండు స్క్రూలు విప్పి బయటకు తీయవలసి ఉంటుంది. స్క్రూలు తీసిన తరువాత కూడా లైటు కదలకపోతే, బయటి అంచున ప్లాస్టిక్ గుబ్బలు గట్టిగా పట్టుకుని ఉన్నాయని అర్థం. అప్పుడు స్క్రూడ్రైవరుతో ఎగదీస్తే పెయింటు లేస్తుంది, ఒక్కోసారి లెన్సు కూడా పగులుతుంది. రెండు చేతులతో లైటును పట్టుకుని నేరుగా వెనక్కి లాగితే వచ్చేస్తుంది.

బయటకు తీసిన బల్బును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. ఫిలమెంటు తెగి వేలాడుతుంటే సందేహం లేదు. గాజు లోపల నల్లటి లేదా వెండి రంగు పూత పట్టి ఉంటే ఫిలమెంటు లోహం ఆవిరై గాజుకు అంటుకుందన్నమాట. తెల్లని పొడి పేరుకుంటే లోపలికి గాలి చొరబడిందన్నమాట. ఫిలమెంటు తెగకుండా, గాజు తేటగా కనిపిస్తే మాత్రం కొత్త బల్బు పెట్టినా ఫలితం ఉండకపోవచ్చు.

చాలా కార్లలో టెయిల్ లైటుకూ బ్రేకు లైటుకూ కలిపి పి21/5డబ్ల్యు అనే ఒకే బల్బు ఉంటుంది. ఇందులో 21 వాట్ల ఫిలమెంటు బ్రేకుకు, 5 వాట్లది రాత్రి వెలిగే టెయిల్ లైటుకు. దాని ఇత్తడి అడుగు భాగానికి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న మేకులు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి కాస్త పైకి ఉంటుంది. బల్బు ఒకే దిశలో కూర్చోవాలన్న ఉద్దేశంతోనే అలా చేశారు. కొత్త బల్బును హోల్డరులో నొక్కి తిప్పేటప్పుడు అడ్డు తగిలితే, తీసి సగం చుట్టు తిప్పి పెట్టాలి గాని బలం ఉపయోగించకూడదు. బలవంతంగా తలకిందుల దిశలో ఎక్కిస్తే, టెయిల్ లైటు మితిమీరిన కాంతితో వెలిగి, బ్రేకు తొక్కినప్పుడు దాదాపు ఏ తేడా కనిపించదు. గాజును చేతితో ముట్టుకోరాదన్న నియమం హాలోజన్ బల్బులకు సంబంధించినది. ఈ సాధారణ బల్బుకు అంత భయం అక్కరలేదు, తుడిచి పెడితే చాలు.

బల్బు బాగానే ఉండి లైటు వెలగనప్పుడు నేను మొదట అనుమానించేది ఎర్త్‌ను. లైటుకు కరెంటు తెచ్చే వైరు గురించి అందరూ ఆలోచిస్తారు, తిరిగి వెళ్ళే దారిని ఎవరూ పట్టించుకోరు. హోల్డరు నుండి ఒక వైరు, సాధారణంగా నల్లది లేదా గోధుమ రంగుది, కారు బాడీకి ఒక స్క్రూతో బిగించి ఉంటుంది. తేమ తగిలి ఆ స్క్రూ కింద తుప్పు పట్టినా, హోల్డరులోని ఇత్తడి నాలుకలకు పచ్చటి చిలుము పట్టినా, ఆ దారి మూసుకుపోతుంది. దీనికి ఒక విచిత్రమైన లక్షణం ఉంది: బ్రేకు తొక్కితే బ్రేకు లైటు వెలగకుండా, అదే పక్క ఇండికేటరో టెయిల్ లైటో మసక మసకగా వెలుగుతుంది. సరైన దారి దొరకని కరెంటు పక్క ఫిలమెంట్ల గుండా వేరే ఎర్త్‌ను వెతుక్కుంటూ పోవడమే దీనికి కారణం. ఈ మసక వెలుగు కనిపిస్తే బల్బు కొనవద్దు.

ఇక్కడ వోల్టేజినీ నిరోధాన్నీ కొలిచే మల్టీమీటరు వాడే పద్ధతి గురించి ఒక మాట. ఎర్త్ వైరు నిరోధాన్ని కొలిచి, సున్నాకు దగ్గరగా వచ్చింది కాబట్టి బాగుందని తేల్చేయడం నాకు సమ్మతం కాదు. వైరులోని పది పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటరు పంపే అతి చిన్న కరెంటుకు ఆ దారి సరిపోతుంది, 21 వాట్ల ఫిలమెంటుకు కావలసిన ఒకటిన్నర ఆంపియర్ల పైచిలుకు కరెంటుకు మాత్రం సరిపోదు. బల్బును హోల్డరులోనే ఉంచి, ఎవరినైనా పెడల్ తొక్కమని, మీటరు ఒక కొనను హోల్డరు ఎర్త్ భాగానికీ రెండవ కొనను పెయింటు లేని శుభ్రమైన బాడీ లోహానికీ ఆనించి వోల్టేజి చూడాలి. దాదాపు సున్నా చూపితే ఎర్త్ బాగున్నట్టే. కొన్ని వోల్టులు చూపిస్తే దొంగ దొరికినట్టే.

శుభ్రం చేయడానికి మెత్తని ఉప్పు కాగితం, కాంటాక్ట్ క్లీనరు చాలు. నాలుకలు వంగిపోయి బల్బుకు తగలకుండా ఉంటే కొద్దిగా పైకి ఎత్తాలి. ప్లాస్టిక్ కరిగి, నాలుకల చుట్టూ గోధుమ రంగు మచ్చలు పడిన హోల్డరును మాత్రం బాగుచేయడం కన్నా మార్చడమే మేలు.

మూడు లైట్లూ వెలగని పరిస్థితిలో ముందు ఫ్యూజును చూడాలి. పోయిన ఫ్యూజు స్థానంలో అంతే సామర్థ్యం గలదే పెట్టాలి. ఎరుపు రంగుది 10 ఆంపియర్లు, నీలి రంగుది 15. పెద్దది పెడితే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. ఫ్యూజు బాగుంటే తరువాత పెడల్ పైభాగాన ఉండే స్విచ్చి. ఆటోమేటిక్ గేరు కారులో లీవరు పార్కింగు నుండి కదలకపోయినా, వేగాన్ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ పనిచేయకపోయినా, లైట్లతో పాటు ఈ స్విచ్చినే శంకించాలి, ఎందుకంటే బ్రేకు తొక్కిన సమాచారం వాటికి కూడా ఇక్కడి నుండే అందుతుంది. ఇందుకు విరుద్ధంగా లైట్లు ఆరకుండా వెలుగుతూనే ఉండటమూ ఉంది. స్విచ్చి మొనకు తగిలే చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్ళ ముక్కలై రాలిపోతే, పెడల్ మీద కాలు లేకపోయినా స్విచ్చి మొన బయటకే ఉండి లైట్లు వెలుగుతాయి, తెల్లవారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది. డ్రైవరు కాళ్ళ దగ్గరి మ్యాటు మీద ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే చెత్త అనుకుని ఊడ్చేయకుండా ఒకసారి పెడల్ పైకి తొంగి చూడండి.

ఎల్ఈడీ బల్బులు పెట్టుకోవడం గురించి నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. అవి పూర్తి వెలుగుకు రావడంలో సాధారణ బల్బు కన్నా దాదాపు 0.2 సెకన్లు ముందుంటాయి; గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అంతలోనే వెనుక కారు ఐదున్నర మీటర్లు ముందుకు వచ్చేస్తుంది కనుక ఇది చిన్న ప్రయోజనం కాదు. అయితే పాత లైటులో వెలుగును బయటకు మళ్ళించే ప్రతిఫలకం ఫిలమెంటు ఉండే చోటును బట్టి రూపొందించినది. అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు మధ్యలో గుమిగూడి, పక్కల నుండి చూసేవారికి తక్కువగా కనిపించవచ్చు. పైగా బల్బు పోతే హెచ్చరించే ఏర్పాటున్న కార్లు ఎల్ఈడీ తీసుకునే తక్కువ కరెంటును చూసి, బల్బు పోయిందని పొరపడతాయి. తయారీలోనే ఎల్ఈడీ లైటు వచ్చిన కార్లలో చాలా వాటికి ఇంట్లో మార్చడానికి విడి బల్బే ఉండదు, మొత్తం లైటునే మార్చాలి.

అన్నీ బిగించే ముందు, లైటు ఇంకా చేతిలో ఉండగానే టెయిల్ లైటు, బ్రేకు, ఇండికేటరు, రివర్సు నాలుగింటినీ వేసి చూడాలి. టెయిల్ లైటు వెలుగుతుండగా బ్రేకు తొక్కినప్పుడు కాంతి స్పష్టంగా పెరగాలి. తరువాత లైటు వెనుక ఉండే నురుగు ప్యాకింగును మడత పడకుండా సరిచేసి, స్క్రూలను కొంచెం కొంచెంగా సమానంగా బిగించాలి. ఆ ప్యాకింగు చిరిగి ఉంటే దానిని కూడా అప్పుడే మార్చేయండి, ఎందుకంటే హోల్డరుకు చిలుము పట్టించిన నీరు చాలా వరకు అక్కడి నుండే లోపలికి వచ్చి ఉంటుంది.