అర్పణ విడిచి వెనక్కి వెళ్లే దూరం

యేసు పెరిగిన నజరేతు నుంచి గలిలయ సముద్రం ఒడ్డున ఉన్న కపెర్నహూము దాకా యాత్రికులు నడిచే కాలిబాట సుమారు 65 కిలోమీటర్లు. మామూలుగా నాలుగు రోజుల నడక. మొదటి రోజు ఎవరితోనూ పేచీ ఉండదు, కానా ఊరు చేరేదాకా పాటలే. రెండో రోజు మధ్యాహ్నానికి పాదాలు బొబ్బలెక్కుతాయి. పక్కమంచం గురకకు రాత్రి నిద్ర ఉండదు. ఒకరు ప్రతి మలుపులో ఫోటో కోసం అందర్నీ ఆపుతారు. శత్రువుల్ని ప్రేమించే మనసు కోసం పొద్దున ప్రార్థించినవాళ్లమే పక్కవాడి నడకను భరించలేకపోతాం.

అందుకే సమాధానం పనిని, అంటే పేచీపడ్డవాళ్లను మళ్లీ కలిపే పనిని, ఈ యాత్రికుల గుంపుల్ని నడిపించే మేం శరీరం దగ్గర మొదలుపెడతాం. తలకు మూడు లీటర్ల నీళ్లు. ఎండ ముదరకముందే సగం దూరం. నెమ్మదిగా నడిచేవారిని వరుస చివర వదలకూడదు, దారి చూపే మనిషి వెనకే నడిపించాలి. చివర ఉంటే ఏమవుతుందంటే, ముందువాళ్లు ఆగి సేదదీరి, వీళ్లు రాగానే లేచి బయలుదేరతారు. అందరికంటే అలసినవారికే విశ్రాంతి దక్కదు. సాయంత్రానికి అది కోపంగా బయటపడుతుంది, మనం వాళ్ల స్వభావాన్ని తప్పుపడతాం.

హత్తీన్ కొమ్ములనే జంట శిఖరాల కొండ ఈ దారిలోనే ఉంది. 1187 జూలైలో ముస్లిం సుల్తాను సలాదిన్ క్రూసేడర్లను, అంటే సిలువ పేరుతో యుద్ధానికి దిగిన క్రైస్తవ సైన్యాన్ని, ఓడించింది ఇక్కడే. నీటికి దూరమై దాహంతో అల్లాడింది ఆ క్రూసేడర్ల సైన్యం. క్రీస్తు సిలువలోని ముక్క అని నమ్మిన చెక్కను యుద్ధానికి మోసుకొచ్చి, అక్కడే పోగొట్టుకుంది. సిలువను మోసినంత మాత్రాన చేతిలో కత్తి లేనట్టు కాదని ఈ కొండ మీద ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ మేం ప్రసంగం పెట్టం. కాసేపు మౌనంగా కూర్చుని, ఈ గుంపులో ఎవరి మీద మనసులో ఏం మిగిలిందో చూసుకోమంటాం.

మిగిలింది ఉంటే చేయాల్సింది మత్తయి 18:15లో స్పష్టంగా ఉంది: వెళ్లి, ఒంటరిగా మాట్లాడాలి. చాలామంది తప్పిపోయేది ఈ 'ఒంటరిగా' దగ్గరే. ముందు మూడో మనిషికి చెబుతాం, అదీ ప్రార్థన విన్నపం పేరుతో. భక్తి వేషం వేసుకున్న చాడీ అది, విశ్వాసుల మధ్య దీన్ని మించిన శోధన మాకు కనబడదు. వెళ్లేముందు నీళ్లు తాగాలి, పది నిమిషాలు కూర్చోవాలి. మాట్లాడేటప్పుడు ఒక్క సంగతే, ఇవాళ్టిదే. 'మీరెప్పుడూ ఇంతే' అన్నామా, పాత లెక్కలన్నీ తెరుచుకుంటాయి. 'ఇందాక నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆపారు, చిన్నబుచ్చుకున్నాను' అంటే చాలు. క్షమాపణ అడగాల్సింది మనమే అయితే చేసిన పనిని పేరు పెట్టి చెప్పాలి, వెనక 'కానీ' తగిలించకూడదు. అవతలివాళ్లు వెంటనే మెత్తబడకపోతే మళ్లీ కోపం తెచ్చుకోకూడదు. 'శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు' అని రోమా 12:18 చెబుతోంది, వాళ్ల వంతు వాళ్లది.

అర్బేల్ కొండ నుంచి దిగే చోట రాతికి బిగించిన ఇనుప పట్టీలు పట్టుకుని జాగ్రత్తగా దిగాలి. ఆ తర్వాత గలిలయ సముద్ర తీరం వెంబడి నడిస్తే, 'ధన్యులు' అంటూ యేసు చెప్పిన ధన్యతల పేరున్న కొండ. 1938లో పూర్తయిన అక్కడి చర్చి ఎనిమిది ధన్యతలకు గుర్తుగా ఎనిమిది కోణాలతో ఉంటుంది. 'సమాధానపరచువారు ధన్యులు' అన్న మాటను అందరూ అక్కడ చదువుతారు. మేం ఇంకాస్త ముందుకెళ్లి మత్తయి 5:23, 24 కూడా చదువుతాం: బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని. బలిపీఠం ఉన్నది యెరూషలేములో, వందకు పైగా కిలోమీటర్ల దూరాన. యేసు నోట ఈ మాట విన్నవాళ్లలో ఈ ప్రాంతపు గలిలయవాళ్లున్నారు. గొడవపడిన అన్న ఊళ్లో ఉంటే అర్పణ అక్కడే వదిలి రోజుల తరబడి వెనక్కి నడవాలి, మళ్లీ అంత దూరమూ తిరిగి రావాలి. కాళ్లు నొప్పెడుతున్నప్పుడు ఈ వచనం చదివితే దాని బరువు తెలుస్తుంది. ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నవారి దగ్గరికి వెళ్లడానికి మనం వాయిదా వేస్తున్నామని కూడా.

ఒక్క హెచ్చరిక. వేధింపు జరిగిన చోట ఈ పద్ధతి వాడకూడదు. దెబ్బ తిన్నవారిని ఒంటరిగా వెళ్లి మాట్లాడమనడం, త్వరగా క్షమించమని తొందరపెట్టడం సమాధానపరచడం కాదు. అలాంటప్పుడు ముందు వాళ్లను వేరే గదిలోకి, వేరే వరుసలోకి మార్చాలి. వేధించినవారితో గుంపును నడిపించే పెద్దలే ఇద్దరుగా మాట్లాడాలి, అవసరమైతే ఆ మనిషి యాత్రను అక్కడితో ఆపాలి.