పుట్ట తేనెటీగల గూడు ఇలా దొరికింది

కొండ తేనెటీగల పట్టును వెతకడం కష్టమేమీ కాదు. ఎత్తయిన కొమ్మకో రాతి చరియకో ఒకే పెద్ద పెర వేలాడుతూ దూరం నుంచే కనిపిస్తుంది. నాకు కావలసింది పుట్ట తేనెటీగలు. ఇవి చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో, చీకట్లో, పెర పక్కన పెర కట్టుకుంటాయి. బయటికి చిన్న కన్నం తప్ప ఏమీ కనిపించదు. అందుకే చెట్లను కాక ఈగలను గమనించాలి.

అరకు లోయలో వలిసె పూత ఉన్నంతకాలం ఈ పని సాగదు. చేలన్నీ పచ్చగా విరగబూసి ఉంటే పంచదార పాకం వైపు ఏ ఈగ చూస్తుంది? కోతలయ్యాక వెళ్లాను. వాగు ఒడ్డున తడి ఇసుక మీద ఈగలు నీళ్లకు వాలే చోటును ఆ ఊరి పెద్దాయన ఒకరు చూపించారు.

పాకంలో ముంచిన దూదిని అగ్గిపెట్టెలో పెట్టి, ఇసుక మీదున్న ఒక ఈగపై మెల్లగా బోర్లించాను. కాసేపు రొద చేసింది. దూది తగలగానే సద్దుమణిగింది. పెట్టె ఎత్తేసినా కదలకుండా, పొట్ట ఉబ్బేదాకా తాగుతూనే ఉంది. పుల్లతో దాని వీపు మీద తెల్లరంగు చుక్క పెట్టినా పట్టించుకోలేదు. తాగడం అయ్యాక పైకి లేచి, చోటు గుర్తుపెట్టుకోవడానికి రెండు మూడు చుట్లు తిరిగి, తూర్పు గట్టు మీదుగా తిన్నగా పోయింది.

ఇక్కడే ఓపిక కావాలి. తెల్లచుక్క మళ్లీ కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు! అది ఒంటరిగా కూడా రాలేదు. తిండి దొరికిందన్న కబురును తేనెటీగలు గూట్లో నాట్యం చేసి తోటి ఈగలకు చెబుతాయి. ఆ నాట్యానికి అర్థం విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈగలు పెరిగాక పాకం పళ్లేన్ని అవి వెళ్లే దిక్కుగా కొంచెం కొంచెం జరుపుతూ పోయాను. చుక్క ఈగ వెళ్లి వచ్చే వ్యవధి తగ్గుతోందంటే గూడు దగ్గరవుతున్నట్టే. తర్వాత పళ్లేన్ని బాగా పక్కకు పెట్టి, అక్కడి నుంచి ఎటు ఎగురుతున్నాయో చూశాను. రెండు దారులూ కాఫీ తోటలోని పనసచెట్ల దగ్గర కలిశాయి.

అయినా తొర్ర కనబడలేదు. “పొద్దు వాలనివ్వండి బాబూ, ఎండకు ఎదురుగా నిలబడండి. రెక్కలు మెరుస్తాయి” అన్నారు పెద్దాయన. అలాగే మెరిశాయి, ముదురు పనస మొదట్లో, మోకాలి ఎత్తున. కన్నం అంచున కొన్ని ఈగలు తల బయటికి పెట్టి రెక్కలతో లోపలికి గాలి విసురుతున్నాయి. పెట్టెల్లో పెంచే ఐరోపా ఈగలైతే తల లోపలి వైపు పెట్టి విసురుతాయి. పుప్పొడి మూటలతో వచ్చే వాటికి దారి వదిలి పక్కనే కూర్చున్నాను. కాసేపటికి తెల్లచుక్క ఈగ వచ్చి నేరుగా లోపలికి వెళ్లింది.

ఆ చెట్టు ఎక్కడుందో ఇక్కడ రాయను. తొర్రను గొడ్డలితో నరికి తేనె తీస్తే పిల్లలున్న పెరలు కూడా నాశనమవుతాయి. పెద్దాయనా అదే మాట అన్నారు, ఆ తోట ఆయనదే.