ఆ ప్యాచ్ నేనే రాశాను

ఒక ఓపెన్ సోర్స్ టెక్స్ట్ లైబ్రరీలో, అంటే ఎవరైనా చూసి మార్పులు పంపగలిగే ఉమ్మడి కోడ్‌లో, తెలుగు పదాలు పాడవుతున్నాయి. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్, వే కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం కదా, జీరో విడ్త్ నాన్ జాయినర్, దాన్ని ఆ లైబ్రరీ అనవసరమైనదనుకుని తీసేస్తోంది, దాంతో టకి వ వత్తు పడి "సాఫ్ట్వేర్" అయిపోతోంది. ఆఫీసు అయ్యాక రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని దాన్ని సరిచేశాను. ఇలాంటి దిద్దుబాటు కోడ్‌నే ప్యాచ్ అంటారు. టెస్టులు కూడా రాసి, దాన్ని ప్రాజెక్టులో కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టాను. పొద్దున లేచి ఫోన్ చూస్తే, ఆ ప్రాజెక్టులో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఒకాయన రాసిన మాట కనిపించింది: "కోడ్ బాగుంది. ఎవరు రాసిచ్చారు, బాయ్‌ఫ్రెండా?" కింద ముగ్గురు నవ్వు ఎమోజీలు పెట్టారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మూడు ఎమోజీలే. ఆ ముగ్గురిలో ఒకాయన అంతకు ముందు వారమే నా సందేహాలకు ఎంతో ఓపిగ్గా జవాబులు చెప్పాడు.

మూడు రోజులు ఏమీ రాయలేకపోయాను. "వదిలెయ్యవే, వాళ్లేమన్నా జీతం ఇస్తున్నారా, ఇంకో ప్రాజెక్టు చూసుకో" అంది మా రూమ్మేట్. నా మంచికే చెప్పింది, కానీ ఇలా ఎన్ని ప్రాజెక్టులు మారాలి? ప్రొఫైల్లో నా పేరు తీసేసి రెండు పొడి అక్షరాలు పెట్టుకుందామని సెట్టింగ్స్ దాకా వెళ్లాను కూడా. అలా పేరు దాచుకుని పనిచేసే అమ్మాయిలు నాకు తెలుసు, వాళ్లను ఒక్క మాట అనను. ఆ రాత్రే, ఇలాంటి కోడ్‌ను ఉంచే సైటు గిట్‌హబ్ 2017లో చేయించిన ఓపెన్ సోర్స్ సర్వే చదివాను. జవాబిచ్చినవాళ్లలో 95 శాతం మగవాళ్లు, ఆడవాళ్లు 3 శాతం. పైకి కనిపించేదాన్ని బట్టి ఏదో ఒక ముద్ర వేసి మాట్లాడటాన్ని ఎదుర్కొన్నామన్న మగవాళ్లు 2 శాతమైతే ఆడవాళ్లు 12 శాతం. అది చదివాక, ఇది నాకొక్కదానికే జరిగింది కాదు అని కాస్త నిలదొక్కుకున్నాను.

నాలుగో రోజు రెండు వాక్యాలు రాశాను: "ఈ ప్యాచ్ నేనే రాశాను. కోడ్ గురించి ఏం అడిగినా చెప్తాను." అంతకు ముందు రాసిన చిత్తుప్రతిలో నా చదువు, నా ఉద్యోగం, నేను ఎన్నేళ్ల నుంచి ప్రోగ్రామింగ్ చేస్తున్నానో అన్నీ ఉన్నాయి, అదంతా కొట్టేశాను, ఎందుకంటే ఆ వివరాలేవీ మిగతా ఎవరినీ అడగలేదు, నేనెందుకు ఇవ్వాలి? ఆయన "జోక్ చేశాను, ఇంత సీరియస్ ఎందుకు" అన్నాడు. దానికి జవాబివ్వలేదు. ఇచ్చి ఉంటే మాట నా కోపం మీదికి, నాకు జోకులు అర్థం కావన్నదాని మీదికి పోయేది. గంట తర్వాత, ఆ ప్రాజెక్టుకు కోడ్ పంపే, నాకసలు పరిచయమే లేని ఒక కంట్రిబ్యూటర్ కింద రాశాడు: "ఈ ప్రశ్న నా ప్యాచ్‌లకు ఎప్పుడూ రాలేదు. ఇక్కడా రాకూడదు." నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఇలాంటివి చూసేవాళ్లందరికీ ఒకటే చెప్తున్నా, ఆ ఒక్క వాక్యం మొదటి రోజే రాయండి, దానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు.

తర్వాత ఫిర్యాదు. ఆ ప్రాజెక్టులో కోడ్ ఆఫ్ కండక్ట్ ఫైలు, అంటే ఒకరితో ఒకరు ఎలా మసలుకోవాలో చెప్పే నియమాలు, ఉంది. అది కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే రెడీమేడ్ నమూనాదే. 2014లో కొరలైన్ అడా ఎంకీ రాసింది, 2018లో లినక్స్ కెర్నల్, అంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కోడ్, ప్రాజెక్టు కూడా తీసుకుంది. తెరిచి చూస్తే, ఫిర్యాదు ఎవరికి పంపాలో రాయాల్సిన చోట టెంప్లేట్‌లో ఉండే ఖాళీ అలాగే ఉంది! ఫైలు కాపీ చేసుకున్నారు, ఈమెయిల్ నింపలేదు. అంటే అన్నాళ్లూ ఆ ఫైలును ఎవరికీ అవసరపడి చదవలేదు, లేదా అవసరపడ్డవాళ్లు ఆ ఖాళీ చూసి వెళ్లిపోయారు. రెండోదే నిజమని నాకనిపిస్తుంది, అది తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ప్రాజెక్టు బాధ్యత చూసుకునే ముగ్గురు మెయింటైనర్లలో, ఆ కామెంట్ రాసినాయనతో దగ్గరగా ఉండే ఒకరిని వదిలేసి మిగతా ఇద్దరికీ నేరుగా మెయిల్ పెట్టాను. తేదీ, సమయం, కామెంట్ లింకు, ఆయన రాసిన మాటలు అక్షరం మార్చకుండా, ముందే తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్లు. చివర నాకేం కావాలో కూడా రాశాను: ఆ కామెంట్ కనిపించకుండా చేయాలి, నా ప్యాచ్ ఇంకొకరు రివ్యూ చేయాలి, ఇలాంటి మాట ఇక్కడ కుదరదని ప్రాజెక్టు తరఫున ఎవరైనా చెప్పాలి. మనకేం కావాలో రాయకపోతే వాళ్లు "మేం మాట్లాడాం" అని ఊరుకునే వీలుంటుంది.

ఆరు రోజులు ఏ కబురూ లేదు, చాలా టెన్షన్ పడ్డాను. ఏడో రోజు ఆ ఇద్దరిలో ఒకాయన "కాల్‌లో మాట్లాడుకుందామా, ఆయన మనసు మంచిదే" అని రాశాడు. రాతలోనే ఉండనివ్వండి అన్నాను, వాళ్ల ఫైల్లోనే ఉన్న నాలుగు మెట్లు గుర్తు చేశాను: దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం. మొదటి మెట్టులోనే లిఖితపూర్వక హెచ్చరిక ఉంది, బహిరంగ క్షమాపణ అడగొచ్చని కూడా ఉంది. నేను కొత్తగా ఏదీ కోరడం లేదని అప్పుడు వాళ్లకు అర్థమైంది.

ఇంకో వారానికి కామెంట్ దాచేశారు, ఆయనకు హెచ్చరిక వెళ్లింది. క్షమాపణ వచ్చింది కానీ "ఎవరైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలైంది. నేను ఏమీ అనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. నవ్విన ముగ్గురిలో నాకు సాయం చేసినాయన తన ఎమోజీ తీసేసి, విడిగా సారీ చెప్పాడు. మిగతా ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు.

ప్యాచ్‌ను వేరే ఆమె రివ్యూ చేసింది. ఒక టెస్టులో నేను వదిలేసిన తప్పు పట్టుకుంది, సరిచేశాను, మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టులో కలిసింది. తర్వాత నేను ఇంకో చిన్న పుల్ రిక్వెస్ట్ పెట్టాను, కోడ్ ఆఫ్ కండక్ట్ ఫైల్లో ఆ ఖాళీ గురించి. ఇద్దరు మెయింటైనర్ల ఈమెయిళ్లు ఇప్పుడు అక్కడ ఉన్నాయి.