ఒట్టోమన్ సమాధి గోడమీద తులిప్ ఎందుకు?

విజయవాడ నుంచి వెళ్లి గోల్కొండలో కుతుబ్‌షాహీ సమాధులు చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు: పైన కనిపించే పెట్టె ఉత్తదే, దేహం కింద నేలలో ఉంటుంది. తుర్కీని ఏలిన ఒట్టోమన్ సుల్తానుల 'తుర్బె'లోనూ, అంటే గుమ్మటమున్న సమాధి మందిరంలోనూ అంతే. కాకపోతే గోల్కొండలో గది ఎక్కువగా చదరం, అక్కడ ఎక్కువగా ఎనిమిది మూలలు. ఇస్తాంబుల్‌లో వాస్తుశిల్పి సినాన్ కట్టిన సుల్తాన్ సులేమాన్ సమాధి అలాంటిదే.

అసలు అందం గోడల ఇజ్నిక్ పలకల్లో, అంటే ఇజ్నిక్ ఊళ్లో చేసిన రంగుల పింగాణీ పలకల్లో ఉంది. వీటికి వట్టి బంకమన్ను పనికిరాదు, క్వార్ట్జ్ పొడి ఎక్కువగా ఉన్న ముద్ద కావాలి. కొండపల్లి బొమ్మకు రంగుకు ముందు సుద్ద పూసినట్టే దీనికీ తెల్లపూత పూస్తారు. దానిమీద రంగులు, ఆపైన గాజుపూత, తర్వాత కొలిమి. కష్టమంతా ఎరుపుతోనే. ఇనుము ఉన్న ఎర్రమట్టిని దళసరిగా పెట్టాలి; అందుకే తడిమితే ఉబ్బెత్తుగా తగులుతుంది. పలచబడితే ఎరుపు పోయి గోధుమరంగు వస్తుంది. 17వ శతాబ్దపు పలకల్లో ఈ లోపం తరచూ కనిపిస్తుంది.

ఈ పలకలమీద కనిపించే తులిప్ పువ్వును తుర్కీలో 'లాలె' అంటారు. అరబీ లిపిలో 'అల్లాహ్' రాసే అక్షరాలే ఇందులోనూ ఉన్నాయి. అరబీలో ఒక్కో అక్షరానికి ఒక అంకె విలువ ఉంది; ఆ విలువలు కూడితే రెండూ 66. అందుకే తులిప్ దేవుణ్ణి తలపించే పువ్వైంది. పలకలమీదే కనిపించే, ఆకు రాల్చని సైప్రస్ చెట్టు శాశ్వతత్వానికి గుర్తు.

అన్నిటికన్నా మనసును పట్టేసేది 1451లో చనిపోయిన సుల్తాన్ రెండో మురాద్‌కు బుర్సా నగరంలో ఉన్న సమాధి. వాన నేరుగా తన మట్టిమీద పడాలని ఆయన కోరిక. అందుకే గుమ్మటం నడిమిని మూయకుండా ఆకాశానికి వదిలేశారు.