ఎగ్మూరులో మా వైపు రాళ్ళు

శనివారం, రాత్రి పదిన్నర. మదురై బండి, పై బెర్తు.

పొద్దున ఆరున్నరకి చెన్నై సెంట్రల్లో దింపాల్సిన బండి ఎనిమిది దాటాక దింపింది. పెళ్ళికి వెళ్ళే మదురై బండేమో రాత్రికి, అదీ ఎగ్మూరు నుంచి. మధ్యలో మిగిలిన పగలంతా తనదేనని పిన్ని వారం ముందే ఫోన్లో రిజర్వు చేసుకుంది. ఎదురుగా పార్క్ స్టేషన్లో లోకల్ ఎక్కి మాంబళంలో దిగేసరికి, బాబాయి గొడుగు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వాన లేదు. "వస్తుందేమోనని" అన్నాడు. కార్తీకమాసంలో చెన్నై వాళ్ళు ఆకాశాన్ని నమ్మరట.

పిన్ని చెన్నై వచ్చి నలభై ఏళ్ళు దాటింది. మా దగ్గర "సరే" అని మొదలుపెట్టిన మాట పనిమనిషి వైపు తిరిగేసరికి "సెరి" అయిపోతుంది, మళ్ళీ ఇటు తిరిగితే సత్తెనపల్లి. నేను తెచ్చిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి వాసన చూసి, "అక్క వెల్లుల్లి వెయ్యలేదా?" అంది. కార్తీకం కదా పిన్నీ అంటే, "అవును కదూ" అని నాలుక కరుచుకుంది. పొంగలి, దాని మీదకి ఈ పచ్చడి. బాబాయి రెండోసారి వడ్డించుకోబోతే సుగర్ గుర్తు చేసింది. గోంగూరకీ సుగర్‌కీ సంబంధమేమిటని ఆయన చాలాసేపు వాదించాడు గానీ నెగ్గలేదు.

మ్యూజియానికి వెళ్దామని నేనే అన్నాను. చుట్టాలొస్తే పిన్నికి మెరీనా, కపాలీశ్వరుడి గుడి, టీనగర్ చీరల కొట్లు, అంతే. అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు ఎగ్మూరులో ఉన్నాయని ఆవిడకి తెలియనే తెలియదు. "మన అమరావతివేనా?" అని రెండుసార్లు అడిగింది. బాబాయి మోకాళ్ళ వంక పెట్టుకుని ఇంట్లో ఉండిపోయాడు. అసలు వంక టీవీలో క్రికెట్.

పాంథియన్ రోడ్డులో ఆ ఎర్ర భవనాలన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి. దారి అడిగితే సెక్యూరిటీ ఆయన తమిళంలో చెప్పాడు, పిన్ని తెలుగులో విని నన్ను తీసుకెళ్ళింది. 1851లో మొదలైన మ్యూజియం ఇది. రాళ్ళు అంతకంటే ముందే మద్రాసు చేరాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి పంపించాడు. కొన్నేళ్ళపాటు ఎండకీ వానకీ ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో అందులో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్ళిపోయింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. తర్వాత జరిగిన తవ్వకాల్లో బయటపడ్డవి మళ్ళీ ఇక్కడికే చేరాయి. ఇంగ్లీషులో మార్బుల్స్ అంటారు గానీ పాలరాయి కాదు, మన పలనాటి సున్నపురాయి. ఇదంతా నేను చెబుతుంటే పిన్ని, "అయితే రాళ్ళని వీసా అడగలేదన్నమాట" అంది.

చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడల్లా స్తూపం దగ్గరికీ తీసుకెళ్ళేవారు. దీపాలదిన్నె అనేవారు పెద్దవాళ్ళు. గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన పలకలు. అక్కడ పరుగులు పెట్టడమే తప్ప చూడ్డానికేం ఉందో మాకు అర్థమయ్యేది కాదు. చూడాల్సినదంతా ఇక్కడుందని చాలా ఆలస్యంగా తెలిసింది. అవన్నీ వెనక్కి రావాలని నాకూ ఉంటుంది. కానీ అక్కడే ఉన్నన్నాళ్ళూ కొన్నిటిని ఇళ్ళ కట్టుబడికి వాడారు, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. తెచ్చినవాళ్ళు మాత్రం తక్కువా, కొన్ని పలకల్ని గోడలో పెట్టి సిమెంటుతో బిగించేశారు. ఎవర్ని తిట్టాలో తేలక ఊరుకుంటాను.

నాకు చూడాలని ఉన్నది నలగిరి ఏనుగు. గుండ్రటి ఫలకం, దాదాపు రెండువేల ఏళ్ళ నాటి పని. బుద్ధుడి మీదికి, ఆయనంటే గిట్టని దేవదత్తుడు మదపుటేనుగుని వదిలించిన కథ. ఎడమవైపు ఏనుగు వీధిలోకి దూసుకొస్తుంటే జనం చెల్లాచెదురవుతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ ముందు మోకరిల్లి ఉంది. ఒకటే రాయి, ఒకటే వీధి, ఏనుగు మాత్రం రెండుసార్లు. నేను బుద్ధుడి మొహం చూస్తున్నాను. పిన్ని పైకి చూస్తోంది.

"ఈ మేడ మీద వాళ్ళని చూడవే" అంది. నిజమే, కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. కింద మనుషులు చస్తున్నారా బతుకుతున్నారా అన్నట్టు ఉంది పరిస్థితి, వీళ్ళు మాత్రం కదలకుండా చూస్తున్నారు. "మా ఎదురింటావిడా ఇంతే. వీధిలో ఆటోవాళ్ళు కొట్టుకుంటే పొయ్యి మీద పాలు కూడా మర్చిపోతుంది." ఈ ఫలకం గురించి నేను చదివిన వ్యాసాల్లో భక్తి, కరుణ లాంటి మాటలే గుర్తున్నాయి. ఎదురింటావిణ్ణి మాత్రం పిన్నే కనిపెట్టింది.

తర్వాత ఆవిడకి తామరలు దొరికాయి. ఒక రాతి మీది పద్మం ముందు నిలబడి, పెదాలు కదుపుతూ రేకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగంలో స్కూలు పిల్లల గుంపు అడ్డొచ్చి లెక్క తప్పింది. వాళ్ళు పోయేదాకా ఆగి మళ్ళీ మొదటి నుంచి. నా బ్యాగులోంచి పెన్ను లాక్కుని, టికెట్టు వెనక చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ రేకులు వేసుకుంది. లోపలి వరస చిన్నవి, బయటి వరస కొసలు కొంచెం విచ్చుకుని. "ధనుర్మాసంలో వాకిట్లో వేస్తాను, చుక్కలు లేకుండా." ఫోన్లో ఫోటో తీసి పంపిస్తానంటే వద్దంది. ఫోటో చూసి వేస్తే చెయ్యి రాదట.

నటరాజుల కంచు విగ్రహాలున్న గది చూడనేలేదు. టైమూ లేదు, పిన్ని కాళ్ళూ లాగుతున్నాయి. బయటికొచ్చేసరికి సన్నగా వాన. గొడుగు బాబాయి దగ్గరే ఉండిపోయింది.

స్టేషన్‌కి ఇద్దరూ వచ్చారు, ఈసారి రెండు గొడుగులతో. బాబాయి నా బోగీ నంబరు నాలుగుసార్లు చూసి, తప్పు బోగీ ముందు నిలబెట్టాడు. బండి కదిలే ముందు పిన్ని క్యారేజీ చేతిలో పెట్టింది. ఇప్పుడే తీశాను. పులిహోర, పెరుగన్నం, రెండు అరటిపళ్ళు. అడుగు గిన్నెలో, ప్లాస్టిక్ కవరు చుట్టి, పొద్దున నేనిచ్చిన గోంగూరలో సగం. ఫోన్ చేస్తే, "పెరుగన్నంలోకి ఏదో ఒకటి ఉండాలి కదే" అంది. సత్తెనపల్లి నుంచి మాంబళం వెళ్ళిన పచ్చడి ఇప్పుడు నాతో మదురై వస్తోంది. కింది బెర్తు తాతగారు వాసన పట్టి, తమిళంలో ఏమిటని అడుగుతున్నారు.