అమ్మతో పాత హాళ్లలో భోజనం

ఈసారి ప్రయాణంలో పాత కట్టడాల్లో నడిచే భోజనశాలలు చూడాలనుకున్నాను. నాది ఇంటీరియర్ పని కాబట్టి అది సగం డ్యూటీయే. తోడుగా అమ్మ వచ్చింది. ఆమెకు హియరింగ్ ఎయిడ్ ఉంది.

మొదటిది ఒకప్పటి ప్రార్థనామందిరం. ఎత్తయిన రాతి కమాను, సున్నపు గోడలు, నున్నటి నేల. ఫోటోలకు అద్భుతం! నాలుగైదు బల్లలు నిండేదాకా హాయిగానే ఉంది. హాలు నిండాక మొదలైంది గోల. మాట వినబడక ఒకరు గొంతు పెంచితే, ఆ మోతకు పక్కబల్లవాళ్లు ఇంకా పెంచుతారు. ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే దీని గురించి రాశాడు. అమ్మ చెవి మిషన్ తీసి పర్సులో వేసుకుంది. "ఇందులో నీ గొంతు కంటే స్పూన్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తోందిరా" అంది.

రాయి, సున్నం తమ మీద పడిన శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే పీల్చుకుంటాయి. మిగతాదంతా వెనక్కొచ్చేస్తుంది. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో పాఠమే అర్థం కాకపోతే, అక్కడి భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్ పక్క థియేటర్ నుంచి రాత్రిళ్లు సీటు కుషన్లు మోయించి, అవి పెరిగేకొద్దీ మోత ఎంత త్వరగా ఆగుతుందో కొలిచాడు. హాలు ఎంత పెద్దదైతే మోత అంతసేపు ఉంటుంది, పీల్చే సరుకు పెరిగితే తగ్గుతుంది. ఇప్పటికీ లెక్క అదే.

రెండో ఊళ్లో చూసినది ఇటుక కమానుల పాత గిడ్డంగి. రక్షిత కట్టడం, గోడకు మేకు కొట్టడానికి వీల్లేదు. అక్కడ కుర్చీలో కూర్చోగానే నా చెయ్యి బల్ల కిందికి వెళ్లింది (మా వృత్తిలో ఇదో జబ్బు). వేళ్లకు మందపాటి ఫెల్ట్ (ఒత్తి చేసిన మెత్తటి గుడ్డ) తగిలింది. పైన పాత ఇనుప కడ్డీలకు క్లాంపులతో బిగించిన, శబ్దం పీల్చే ప్యానెళ్లు, వాటికీ కమానుకూ మధ్య జానెడు ఖాళీ. ఆ ఖాళీయే అసలు కిటుకు. గోడకు అంటించిన పలచటి ఫెల్ట్ సన్నటి కీచు శబ్దాలనే ఆపుతుంది, మగగొంతుల బొంగురు దాటిపోతుంది; వెనక ఖాళీ వదిలితే అదీ చిక్కుతుంది. కమాను వంపు శబ్దాన్ని ఒకచోటికి పోగేస్తుంది కదా, సరిగ్గా ఆ చోట బల్ల వేయకుండా గ్లాసుల అలమర పెట్టారు. నాకు బాగా నచ్చింది అదే. అమ్మ మిషన్ తీయనేలేదు. ఆ పూట మా పెళ్లిళ్ల కబుర్లన్నీ అయ్యాయి.

మోత మొత్తం చంపేయడమూ మంచిది కాదు, పక్కబల్ల గుసగుసలు చెవిన పడతాయి.

ఆ గిడ్డంగి మేడమీద గదిలో మాత్రం గోల తగ్గలేదు. సీలింగ్‌కు శబ్దం పీల్చే ప్లాస్టర్ వేయించి, తర్వాత మాసిపోయిందని దాని మీద మామూలు పెయింట్ కొట్టించారట. ప్లాస్టర్ రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. గీకి మళ్లీ వేయించడం కంటే, కింద హాల్లోలాగా తీసిపెట్టగలిగే ప్యానెళ్లే మేలని మేనేజర్‌కు చెప్పి వచ్చాను.