డిజిటల్ కీ జేబులో ఉందా, సీపీయూకే ఉందా?

మండలాఫీసులో కంప్యూటర్ భద్రత గురించి మాట మొదలైతే అందరూ ముందు యాంటీవైరస్ పేరే అడుగుతారు. నేను మాత్రం సీపీయూ ముందుభాగం చూడమంటాను. అధికారి డిజిటల్ కీ (కంప్యూటర్‌లో ఆయన సంతకం పెట్టే, పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) పొద్దున పదింటికి అక్కడ గుచ్చితే సాయంత్రం తాళాలు వేసేదాకా అక్కడే ఉంటుంది. పిన్ ఆపరేటర్‌కి తెలుసు. ఆపరేటర్ సెలవు పెట్టిన రోజు కోసం పక్క సీటాయనకి కూడా తెలుసు. ఆదాయ సర్టిఫికెట్ నుంచి బిల్లు దాకా అధికారి సంతకం కావలసిన ప్రతిదీ ఆ చిన్న కీ మీదే నడుస్తోంది. కాబట్టి భద్రత అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఆ కీ లోపల ఉండే రహస్య భాగాన్ని కాపీ చేసి బయటికి తీయడం కుదరదు, దాన్ని తయారు చేసిందే అలా. అందుకే కీ, పిన్ రెండూ ఎవరి దగ్గరుంటే అధికారి పేరుతో సంతకం చేసేది వాళ్లే. కాగితం మీద దొంగ సంతకం పెడితే చేతిరాత నిపుణుడికి పంపి తేల్చవచ్చు. ఇక్కడ పోల్చడానికి రాతే లేదు. ఐటీ చట్టం 2000లోని 42వ సెక్షన్ ఈ విషయంలో సూటిగా ఉంది: కీని తన అదుపులో ఉంచుకోవడం సంతకందారు బాధ్యత. అది చెయ్యిదాటితే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు ఆలస్యం చేయకుండా తెలియజేయాలి. తెలియజేసేదాకా జరిగినదానికి సంతకందారే బాధ్యుడు. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్నో పాస్‌వర్డ్‌నో మోసంగా వాడినవాళ్లకి అదే చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కానీ ఆ మోసం జరిగిందని రుజువు చేసుకోవలసిన అవస్థ పడేది మాత్రం కీ ఇచ్చిన అధికారే.

అధికారులు కీ ఎందుకు ఇచ్చేస్తారో తెలియనిది కాదు. పొద్దున వీడియో కాన్ఫరెన్సు, మధ్యాహ్నం ఫీల్డు, సాయంత్రం ప్రొటోకాల్. ఈలోపు వందల దరఖాస్తులు, గడువు దాటితే మెమో. దీనికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే: పొద్దున అరగంట, సాయంత్రం అరగంట సంతకాల వేళగా పెట్టుకుని, అధికారి స్వయంగా కీ పెట్టి, పిన్ కొట్టి, గుంపుగా సంతకం చేసి, కీ తీసి జేబులో వేసుకోవడం. గుంపు సంతకానికి ముందు జాబితాలో ఉన్న సంఖ్యను, ఆ రోజు కింద నుంచి సిఫారసైన ఫైళ్ల సంఖ్యతో సరిచూడండి. రెండు నిమిషాల పని. కీ తీయడం ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని సంతకం సాఫ్ట్‌వేర్లు ఒకసారి పిన్ కొట్టాక కీ ఊడదీసేదాకా మళ్లీ అడగవు. అధికారి టీకి వెళ్లినా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

చాలా కీలు 12345678 అనే పిన్‌తో వస్తాయి, చాలామంది దాన్ని అలాగే ఉంచేస్తారు. కీతోపాటు వచ్చిన టోకెన్ మేనేజర్ తెరిచి, 'చేంజ్ యూజర్ పిన్' నొక్కి మార్చండి. ఒక జాగ్రత్త: తప్పు పిన్ వరసగా కొడితే కీ లాక్ అవుతుంది. కంగారులో ఎవరో చెప్పారని 'ఇనిషియలైజ్' నొక్కారంటే లోపలి సర్టిఫికెట్ తుడిచిపెట్టుకుపోతుంది, కొత్తది తీసుకోవలసిందే. బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగింత కాగితంలో బీరువా తాళాలు, రిజిస్టర్లు రాస్తాం కదా, పాత అధికారి కీని ఆ పోస్టు లాగిన్ నుంచి ఏ తేదీన, ఎన్ని గంటలకు తీసేశారో కూడా రాయించండి.

ఇక కంప్యూటర్ సంగతి. స్టార్ట్ మెనూలో 'విన్‌వర్' (winver) అని టైప్ చేస్తే ఏ విండోస్ ఉందో చెబుతుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగింపు తీసుకోని మెషీన్లకు భద్రతా సవరణలు రావు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, అది లేని పాత మెషీన్ల జాబితా రాసి జిల్లాకు పంపడం మీ చేతిలో పని. అప్‌డేట్ అంటే వేగం తగ్గుతుందని ఆపేసేవాళ్లు 2017 మే నెల గుర్తు చేసుకోవాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వన్నాక్రై అప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా తాళం వేసింది. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న మందు విడుదల చేసింది. వేసుకోని మెషీన్లే పడిపోయాయి.

మన ఆఫీసులకే ప్రత్యేకమైన రోగం ఇంకోటి ఉంది: తెలుగు టైపింగ్. అను ఫాంట్ల దొంగ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఊరంతా తిరుగుతుంటుంది. దాన్ని ఎక్కించాలంటే ముందు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపమంటుంది. ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లు అరుదు. నకిలీ విండోస్, నకిలీ ఆఫీసు యాక్టివేటర్లదీ ఇదే దారి. కాపలావాణ్ణి ఇంటికి పంపాకే ఇవి లోపలికొస్తాయి. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో భాష చేర్చుకుంటే చాలు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. చేతులు అలవాటు పడేదాకా రెండు వారాలు కష్టంగా ఉంటుంది, ఆ కష్టానికి ఫలితం ఉంది.

రోజూ పనిచేసే ఖాతాకు అడ్మిన్ హక్కులు ఉండకూడదు. అడ్మిన్ ఖాతా వేరుగా పెట్టి, ఏదైనా ఎక్కించేటప్పుడే దాని పాస్‌వర్డ్ ఇవ్వండి. సంతకం సాఫ్ట్‌వేర్, వేలిముద్ర మెషీన్ డ్రైవర్ ఒకసారి అడ్మిన్‌తో ఎక్కిస్తే సాధారణంగా ఆ తర్వాత మామూలు ఖాతాలో నడుస్తాయి. సీటు లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' ఆన్ చేయండి. అప్పుడే మెమో.పీడీఎఫ్.ఈఎక్స్ఈ అనే ఫైలు కాగితం కాదు, ప్రోగ్రామ్ అని కనిపిస్తుంది. జిరాక్స్ షాపు నుంచి వచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉంటే అది వైరస్ గుర్తు, ఏ ఒక్కదాన్నీ తెరవకుండా తీసేయండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోప్లేని కూడా మీ మెషీన్‌లో ఆపి ఉంచాలి.

రిపేరు పేరుతో, దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ ఎక్కించి వదిలేయడం మామూలైపోయింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ 2022 జూన్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చిన మార్గదర్శకాలు వీటిని వాడొద్దన్నాయి. ఆఫీసు కాగితాలను క్యామ్‌స్కానర్ లాంటి బయటి యాప్‌లతో స్కాన్ చేయొద్దనీ, బయటి క్లౌడ్‌లో దాచొద్దనీ, 45 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమనీ చెప్పాయి. చివరిదాని మీద నాకు భిన్నాభిప్రాయం ఉంది. ఆ నియమం వల్ల పాస్‌వర్డ్ మానిటర్ కింద చీటీ అయిపోతోంది. నియమం నియమమే కాబట్టి మార్చండి, కానీ మూడు నాలుగు తెలుగు మాటలు కలిపిన పొడవైనది పెట్టుకుంటే చీటీ అవసరం రాదు.

బ్యాకప్ విషయం కొద్దిగా చెబుతాను. డి డ్రైవ్‌లోకి కాపీ చేయడం బ్యాకప్ కిందికి రాదు. రాన్సమ్‌వేర్ వచ్చిందంటే కంప్యూటర్‌కి తగిలి ఉన్న ప్రతి డ్రైవునూ మూసేస్తుంది. బయటి హార్డ్‌డిస్క్‌ను కాపీ చేసే గంట మాత్రమే తగిలించి, తర్వాత బీరువాలో పెట్టండి. నెలకోసారి అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడండి.

ఫోన్ ఇప్పుడు కంప్యూటర్ కన్నా పెద్ద ద్వారం, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది. పెళ్లి పిలుపు, ఆర్టీఓ చలానా, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే యాప్ ఎక్కించేవి) ఎస్ఎంఎస్ చదివే అనుమతి, తెరను చదివి నడిపే యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. ఇచ్చారంటే ఓటీపీలు దొంగకే ముందు చేరతాయి. ఐకాన్ కూడా మాయమవుతుంది. ఆ ఫోన్ కాంటాక్టులందరికీ అదే ఫైలు మీ పేరుతో వెళుతుంది, సార్ పంపారు కదా అని కింది సిబ్బంది నొక్కుతారు. అందుకే సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ మూడింటికీ ఆపేయండి.

ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచిన వాట్సాప్ వెబ్ మీరు బదిలీ అయి వెళ్లినా నడుస్తూనే ఉండొచ్చు. 'లింక్డ్ డివైసెస్' చూసి గుర్తులేని ప్రతిదాన్నీ లాగౌట్ చేయండి. గ్రూపుల్లో పెట్టే ఆధార్ ఫొటోలు ప్రతి సభ్యుడి గ్యాలరీలోకీ, అక్కడి నుంచి గూగుల్ ఫొటోస్‌లోకీ చేరిపోవచ్చు. అవి మన నమ్మకం మీద జనం ఇచ్చిన కాగితాలు. తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. సిమ్‌కి పిన్ పెట్టుకోండి, లేకపోతే దొంగ మీ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుని ఓటీపీలు చదువుకుంటాడు. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (సిమ్ తాళం తీసే నంబరు) అడుగుతుంది, కాబట్టి ఆ నంబరు ఎక్కడుంటుందో ముందే చూసి ఉంచుకోండి. *#06# కొడితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) డైరీలో రాసుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు కాపీతో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ ద్వారా దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

తప్పు నొక్కారని తెలిస్తే ఫోన్‌ను వెంటనే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకి, డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. పాస్‌వర్డ్‌లు కూడా వేరే పరికరం నుంచే మార్చాలి. సోకిన ఫోన్‌లో మారిస్తే కొత్తదాన్నీ దొంగకు అందించినట్టే. కంప్యూటర్ అయితే ల్యాన్ వైరు పీకండి, వైఫై ఆపండి, రీస్టార్ట్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు, ఆధారాలు పోతాయి. తెర మీద ఏం కనిపిస్తోందో ఫొటో తీసి, టైము రాసి, జిల్లా ఎన్ఐసీ అధికారికి ఫోన్ చేయండి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన గమనించిన ఆరు గంటల్లోగా ఆ సంస్థకు తెలియాలి. ఆ గడియారం నడుస్తుండగా ఆపరేటర్‌ని తిట్టడం మొదలుపెడితే, వచ్చేసారి అతను వైరు పీకడు, ఏమీ జరగనట్టు తెర ఆపేసి ఇంటికెళ్తాడు.